త్రీడీ ప్రింటర్‌తో శబ్దాన్ని మింగే బిళ్ళలు: ప్రాజెక్టు డైరీ

ఇంకెవరైనా ఇదే పనికి దిగితే వాళ్ళ టైమూ ఫిలమెంటూ (ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) మిగలాలని ఈ డైరీ రాస్తున్నాను. పని ఇది: కరిగిన ప్లాస్టిక్‌ను పొరలుగా పోసే మామూలు ఎఫ్‌డీఎం ప్రింటర్ మీద సన్నటి సందులున్న బిళ్ళలు ప్రింట్ చేయడం, అవి ఎంత శబ్దాన్ని పీల్చుకుంటున్నాయో కొలవడం. ఎందుకు మొదలుపెట్టానన్న కథ వదిలేస్తున్నా. ఏది చెడింది, ఎందుకు చెడింది, ఏం మార్చాను అన్నవే ఇక్కడ ఉంటాయి.

ముందు రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. సందులోకి శబ్దం వెళ్ళినప్పుడు అక్కడి గాలి అటూ ఇటూ ఊగుతుంది. గోడను ఆనుకున్న పలుచని గాలి పొర గోడతో రాసుకుంటుంది, శబ్దంలోని శక్తి అక్కడే వేడిగా మారి పోతుంది. ఆ పొర మందం 1,000 హెర్ట్జ్ దగ్గర సుమారు 0.07 మి.మీ., 100 హెర్ట్జ్ దగ్గర 0.22 మి.మీ. సందు వెడల్పు మిల్లీమీటరు దాటిందంటే మధ్యలో ఉన్న గాలి దేనికీ తగలకుండా హాయిగా వెళ్ళి వచ్చేస్తుంది. ఇక రెండో అంకె ప్రింటర్ నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) రంధ్రం: 0.4 మి.మీ. నా పాట్లన్నీ ఈ రెండు అంకెల మధ్యే.

కొలత పేరు శోషణ గుణకం, దాన్ని ఆల్ఫా అంటాను. ఆల్ఫా 0 అంటే వెళ్ళిన శబ్దమంతా తిరిగొచ్చింది. 1 అంటే ఏమీ తిరిగి రాలేదు.

దశ 1: కొలిచే గొట్టం (రోజు 1 నుంచి 6)

గదిలో స్పీకర్ పెట్టి, ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూసి ఈ పని చేయలేం. ఇంపీడెన్స్ ట్యూబ్, అంటే శాంపిల్ నుంచి ఎంత శబ్దం తిరిగొచ్చిందో కొలిచే గొట్టం కావాలి. 1866లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆగస్ట్ కుంట్ గాజు గొట్టంలో సన్నటి పొడి వేసి, శబ్ద తరంగం నిలబడ్డ చోట్లు కళ్ళకు కనిపించేలా చేశాడు. దాని మనవడే ఈ గొట్టం. రెండు మైకు స్థానాలతో కొలిచే పద్ధతి ఐఎస్ఓ 10534-2 అనే ప్రమాణంలో ఉంది. నాది దానికి దగ్గరగా కట్టిన ఇంటి సరుకు.

1. లోపలి వ్యాసం 50 మి.మీ., గోడ మందం 5 మి.మీ., పొడవు 600 మి.మీ. ఉన్న అల్యూమినియం గొట్టం.
2. ఒక చివర చిన్న స్పీకర్. రెండో చివర శాంపిల్, దాని వెనక గట్టి ప్లంజర్.
3. శాంపిల్ ముఖం నుంచి 100, 140, 220 మి.మీ. దూరాల్లో మూడు మైకు రంధ్రాలు.
4. మైకు ఒక్కటే. అదే స్వీప్‌ను (కింది హెర్ట్జ్ నుంచి పైకి సాగే శబ్దం) మళ్ళీ మళ్ళీ ప్లే చేస్తూ మైకును ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మార్చడం. ఒక్కో చోట 8 సార్లు కొలిచి సగటు.
5. రెండు చోట్ల పీడనాల నిష్పత్తి నుంచి ఆల్ఫా లెక్కగట్టే చిన్న పైథాన్ స్క్రిప్ట్.

రెండు మైకులు కొనకపోవడానికి కారణం పిసినారితనం మాత్రమే కాదు. రెండు మైకుల మధ్య ఫేజ్ తేడా (ఒకటి ఇంకోదానికన్నా వెనకబడటం) కాస్త ఉన్నా లెక్క మొత్తం వంకర పోతుంది. ఒక్క మైకునే తిప్పితే ఆ తలనొప్పి ఉండదు. ఒకటే షరతు, కొలత నడుస్తున్నంతసేపూ ఆంప్లిఫయర్ నాబ్‌ను ముట్టుకోకూడదు.

గొట్టం ఎక్కడిదాకా పనికొస్తుందో కొనకముందే లెక్క చూసుకోండి. పై హద్దు 0.58 × ధ్వని వేగం ÷ వ్యాసం. 50 మి.మీ. గొట్టానికి అది సుమారు 3,980 హెర్ట్జ్. ఆ పైన తరంగం గొట్టం వెంబడి తిన్నగా నడవదు, అడ్డంగా కూడా ఊగుతుంది. మైకుల మధ్య దూరానికీ హద్దులున్నాయి. 40 మి.మీ. దూరం నాకు 430 నుంచి 3,850 హెర్ట్జ్ వరకు ఇచ్చింది, 120 మి.మీ. దూరం 145 నుంచి 1,280 వరకు ఇచ్చింది. అందుకే మూడు రంధ్రాలు.

మొదటి పరీక్ష ఖాళీ గొట్టానికి. శాంపిల్ లేకుండా ప్లంజర్ ఒక్కటే ఉంటే శబ్దమంతా తిరిగి రావాలి, ఆల్ఫా సున్నాకు దగ్గరగా ఉండాలి. నాకు 700 హెర్ట్జ్ దగ్గర 0.22 వచ్చింది, మిగతా చోట్లా 0.1కి తగ్గలేదు. ఏమీ పెట్టకుండానే గొట్టం శబ్దాన్ని తినేస్తోంది!

ఒక్కో అతుకు మీదా మోడలింగ్ క్లే అద్దడం, మళ్ళీ కొలవడం. రెండు రోజులు ఇదే పని. దొంగలు ఇద్దరు దొరికారు.

మొదటిది ప్లంజర్. దాన్ని నేనే 15% ఇన్‌ఫిల్‌తో (లోపల ప్లాస్టిక్ నింపే శాతం) ప్రింట్ చేశాను. పైకి గట్టిగా ఉన్నా లోపల డొల్ల. వేలితో తట్టితే డబ్బా మోగినట్టు మోగింది. దాని బదులు 25 మి.మీ. మందం స్టీల్ బిళ్ళకు ఓ-రింగ్ తొడిగి పెట్టాను. రెండోది, వాడని మైకు రంధ్రాలు. వాటిని టేపుతో మూశాను. టేపు బయటి వైపు మూస్తుంది కానీ లోపల 5 మి.మీ. లోతు గుంట అలాగే మిగిలిపోతుంది, పైగా టేపు కూడా వణుకుతుంది. లోపలి గోడకు సమంగా వచ్చే బిరడాలు తయారుచేసి పెట్టాక ఖాళీ గొట్టం ఆల్ఫా 3,000 హెర్ట్జ్ దాకా 0.04 దాటలేదు. 3,500 దగ్గర 0.06. దీనితో సరిపెట్టుకున్నా.

ఇంకో చిన్న తప్పు. స్క్రిప్ట్‌లో ధ్వని వేగం 343 అని రాసేసి మర్చిపోయాను. అది 20 డిగ్రీల లెక్క. గది 31 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం వేగం 350 అవుతుంది. పొద్దున కొలిచిన శిఖరం (ఆల్ఫా అన్నిటికన్నా ఎక్కువున్న చోటు) మధ్యాహ్నానికి 2% పైకి జరిగితే శాంపిల్ మారిందేమో అని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు గొట్టం పక్కనే థర్మామీటర్ ఉంటుంది, స్క్రిప్ట్ 331.3 + 0.606 × ఉష్ణోగ్రత అని వేసుకుంటుంది.

ఇప్పటికి లెక్క: శాంపిళ్ళు 0. ఫిలమెంట్ 154 గ్రా. (పారేసిన ప్లంజర్, మైకు హోల్డర్, శాంపిల్ హోల్డర్). ప్రింట్ సమయం 11 గంటలు.

దశ 2: గైరాయిడ్ బిళ్ళలు (రోజు 7 నుంచి 10)

సందుల ఆకారాన్ని క్యాడ్‌లో గీయనక్కర్లేదు, స్లైసర్‌లోనే (మోడల్‌ను ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) ఉంది. గైరాయిడ్ అనే మెలికల ఉపరితలాన్ని అమెరికా శాస్త్రవేత్త అలన్ షోన్ 1970లో నాసా నివేదికలో వర్ణించాడు. ఇప్పుడు అది చాలా స్లైసర్‌లలో ఒక ఇన్‌ఫిల్ రకం. అందులో ఏ సందూ మూసుకుపోయి ఉండదు, ఎక్కడా గాలి బందీ కాదు. మనకు కావలసింది అదే.

1. 30 మి.మీ. ఎత్తున్న మామూలు స్థూపాన్ని స్లైసర్‌లోకి తెచ్చుకోవాలి.
2. పై పొరలు 0, కింది పొరలు 0.
3. వాల్ లైన్ (బయటి గోడ గీత) 1. సున్నా పెడితే అంచు చింపిరిగా వస్తుంది, తర్వాత సీల్ చేయడం కష్టం.
4. ఇన్‌ఫిల్ గైరాయిడ్. లైన్ వెడల్పు 0.45, లేయర్ 0.2 మి.మీ., మెటీరియల్ పీఎల్ఏ అనే ప్లాస్టిక్.
5. ఇన్‌ఫిల్ శాతం ఒక్కటే మార్చుతూ 30, 50, 60, 70.

సందు వెడల్పు ఉజ్జాయింపుగా చూసుకోవడానికి లైన్ వెడల్పును ఇన్‌ఫిల్ భిన్నంతో భాగించి, అందులోంచి లైన్ వెడల్పు తీసేయండి. 30%కి 1.05 మి.మీ., 50%కి 0.45, 60%కి 0.30, 70%కి 0.19.

గొట్టంలోకి సులువుగా జారాలని వ్యాసం 49.2 మి.మీ. పెట్టాను. ఈ వాక్యం దగ్గర ఆగి ఒకసారి నన్ను తిట్టుకోండి. ఎందుకో దశ 3లో తెలుస్తుంది.

వచ్చిన శిఖరాలు:
30%: 0.32, 2,300 హెర్ట్జ్ దగ్గర
50%: 0.70, 2,150 దగ్గర
60%: 0.86, 2,050 దగ్గర
70%: 0.64, 2,550 దగ్గర

మొదటి మూడూ వరసలో ఉన్నాయి. సందు సన్నబడేకొద్దీ రాపిడి పెరిగి శిఖరం ఎత్తు పెరుగుతోంది, సందులో తరంగం నెమ్మదించి శిఖరం కిందికి జరుగుతోంది. నాలుగోది మాత్రం ఎదురు నడుస్తోంది. ఇంకా ఇరుగ్గా ఉన్న బిళ్ళ శిఖరం 1,800 వైపు దిగాలి గానీ 2,550కి ఎగబాకడమేంటి?

70% బిళ్ళను పెదాలకు ఆనించి ఊదాను. బుగ్గలు ఉబ్బాయి తప్ప గాలి అవతలికి పోలేదు. తూకం వేస్తే 56 గ్రా. అదే కొలతల నిండు బిళ్ళ అయితే 70.7 గ్రా. ఉండాలి (పీఎల్ఏ సాంద్రత 1.24). అంటే ఖాళీ 30% ఉండాల్సిన చోట 21% ఉంది, ప్రింటర్ ఎక్కువ ప్లాస్టిక్ పోస్తోంది. సందులు మూసుకుపోయాయి. సరే, ఆ మాట ఒప్పుకుందాం. మరి ఊపిరి కూడా దూరని బిళ్ళ 0.64 ఎలా మింగింది?

ఇప్పటికి లెక్క: శాంపిళ్ళు 4. ఫిలమెంట్ 316 గ్రా. ప్రింట్ సమయం 21.5 గంటలు.

దశ 3: నిండు బిళ్ళ చెప్పిన నిజం (రోజు 11 నుంచి 17)

ఈ పరీక్షను నేను మొదటి రోజే చేసి ఉండాల్సింది. అదే 49.2 మి.మీ. వ్యాసంతో, 100% ఇన్‌ఫిల్‌తో, ఒక్క రంధ్రం కూడా లేని బిళ్ళ ప్రింట్ చేశాను. 70 గ్రా. తూగింది, అంటే నిజంగానే నిండు. గొట్టంలో పెట్టి కొలిచాను.

2,600 హెర్ట్జ్ దగ్గర ఆల్ఫా 0.61.

రాయిలాంటి ప్లాస్టిక్ దిమ్మ శబ్దంలో అరవై శాతం మింగేసిందన్నమాట. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి కొలిచా. 0.60.

బిళ్ళను గొట్టంలో ఉంచి వెనకనుంచి టార్చ్ వేస్తే కనపడింది. బిళ్ళ చుట్టూ సన్నటి వెలుగు వలయం. ఒక పక్క దట్టంగా, ఇంకో పక్క వెంట్రుకంత. సగటున 0.4 మి.మీ. సందు, 30 మి.మీ. లోతు. గొట్టం అడ్డకోతలో దాని వాటా 3.2% మాత్రమే. కానీ 0.4 మి.మీ. సందు అంటే రాపిడికి చక్కటి వెడల్పు. నేను బిళ్ళలో ప్రింట్ చేయాలని తంటాలు పడుతున్న సందు, బిళ్ళ బయట నాకు తెలియకుండానే తయారై కూర్చుంది. చైనా ధ్వని శాస్త్రవేత్త మా దాయో 1975లో ప్రతిపాదించిన సూక్ష్మ రంధ్రాల పలక పనిచేసేదీ ఇలాగే. పలకలో ఒకటి రెండు శాతం మాత్రమే రంధ్రాలుంటాయి, అవి మిల్లీమీటరుకన్నా సన్నగా ఉండి, వెనక గాలి ఉంటే చాలు, బాగా పీల్చుకుంటుంది. కొద్దిపాటి లీకు కొద్దిపాటి తప్పే తెస్తుందని అనుకోవడం నా పొరపాటు.

నిండు బిళ్ళ చుట్టూ పెట్రోలియం జెల్లీ పూసి సందు మూసేశాక ఆల్ఫా 0.05కి పడిపోయింది. 70% బిళ్ళను అలాగే సీల్ చేస్తే 0.64 కాస్తా 0.18.

మార్చినవి:

1. వ్యాసం 49.8 మి.మీ. చుట్టూ పీటీఎఫ్ఈ టేపు (ప్లంబర్లు వాడే తెల్ల టేపు) ఒక చుట్టు, దాని మీద పెట్రోలియం జెల్లీ పలుచగా. జెల్లీ బిళ్ళ ముఖం మీదికి రాకూడదు, వస్తే సందుల్లో దూరుతుంది.
2. ప్రతి కొలతల రోజూ ముందు ఖాళీ గొట్టం, తర్వాత సీల్ చేసిన నిండు బిళ్ళ, ఆ తర్వాతే అసలు శాంపిల్.
3. ఫ్లో (ప్రింటర్ పోసే ప్లాస్టిక్ మోతాదు) 100% నుంచి 94%కి. దీనికి తూకమే ఆధారం. 49.8 మి.మీ. నిండు బిళ్ళ 72.5 గ్రా. కావాలి, కాబట్టి 60% బిళ్ళ 43.5 గ్రా. దగ్గర రావాలి. వచ్చింది 44.

బిళ్ళలన్నీ మళ్ళీ ప్రింట్ చేశాను. ఈసారి ఇంకో వింత. 60% బిళ్ళను ఒక వైపు తిప్పి పెడితే 0.91, రెండో వైపు తిప్పితే 0.62. ఒకే బిళ్ళకు రెండు ముఖాలు. ప్రింటర్ మంచానికి (బిళ్ళ కూర్చునే పలకకు) ఆనుకున్న వైపును భూతద్దంలో చూస్తే గీతలు నొక్కుకుపోయి, పక్కవాటితో అతుక్కుని, సందులు సగం మూసుకుపోయి ఉన్నాయి. మొదటి లేయర్ బాగా అంటుకోవాలని నాజిల్‌ను కిందికి నొక్కి ప్రింట్ చేయడం మనకు అలవాటు. ఇక్కడ అదే కొంప ముంచింది.

ముందు ఇసుక కాగితంతో ఆ పొర అరగదీద్దామనుకున్నా. పీఎల్ఏ ఆ వేడికే మెత్తబడి సందుల మీద పూతలా పాకింది, మిగిలిన పొడి లోపలికి దిగింది. ఆల్ఫా 0.62 నుంచి 0.37కి దిగజారింది. ఆ బిళ్ళ పాడైపోయినట్టే. చివరికి జెడ్ ఆఫ్‌సెట్ (మంచం నుంచి నాజిల్ ఎత్తు) 0.08 మి.మీ. పైకి లేపి, మంచం వేడి 60 నుంచి 50 డిగ్రీలకు తగ్గించాను. పట్టు తగ్గి ఊడిపోకుండా చుట్టూ 5 మి.మీ. బ్రిమ్ (మంచాన్ని పట్టుకునే పలుచని అంచు) ఇచ్చాను. ఆ తర్వాతి బిళ్ళల్లో రెండు ముఖాల తేడా 0.04 లోపే. ఈ సెట్టింగ్‌తో మళ్ళీ తీసిన నాలుగు బిళ్ళలే ఇకమీదట లెక్కలో ఉన్నవి. అరగదీసి పాడుచేసినదాన్ని లెక్కలో వేయలేదు.

గాలి తేలిగ్గా పోతోందా లేదా అన్నది నోటితో ఊది చెప్పడం ఎన్నాళ్ళని? ప్రవాహ నిరోధం కొలిచే ఏర్పాటు చేశాను. మూత బిగించిన నీళ్ళ డబ్బా, అడుగున కుళాయి, మూతకు గొట్టం, గొట్టం చివర శాంపిల్. కుళాయి తిప్పితే ఎంత నీరు దిగితే అంత గాలి శాంపిల్ గుండా లోపలికి రావాలి. 30 సెకన్లలో 1.2 లీటర్లు దిగింది, అంటే బిళ్ళ ముఖం మీద గాలి వేగం సెకనుకు 2.04 సెం.మీ.

పీడనం కొలవడానికి ముందు యు-ఆకారపు గొట్టంలో రంగునీళ్ళు పోశాను. నీళ్ళు కదల్లేదు. లెక్క వేస్తే కారణం తెలిసింది. మంచి బిళ్ళ మీద కూడా తేడా 6 పాస్కల్‌లే, నీటి ఎత్తులో 0.6 మి.మీ. కంటికి ఆనేది కాదు. డిజిటల్ డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ పెట్టాక అంకెలు వచ్చాయి. పాస్కల్‌ల పక్కన ఉన్నవి నిరోధకత, పాస్కల్-సెకను ప్రతి చదరపు మీటరుకు:

30%: 0.3 పాస్కల్‌లు, సుమారు 490. ఆల్ఫా శిఖరం 0.31, 2,300 హెర్ట్జ్
50%: 2.1 పాస్కల్‌లు, సుమారు 3,400. ఆల్ఫా 0.72, 2,100
60%: 6.2 పాస్కల్‌లు, సుమారు 10,100. ఆల్ఫా 0.92, 1,950
70%: ఊదితే బిళ్ళలో ఒక సగం నుంచే గాలి వస్తోంది. ఆల్ఫా 0.58. దీని నిరోధకత రాయడం లేదు, రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వచ్చింది.

0.4 నాజిల్‌తో నా ప్రింటర్‌కు 60% హద్దు. ఆ పైన సందును నేను డిజైన్ చేయడం లేదు, ప్లాస్టిక్ తనిష్టం వచ్చినట్టు వదిలిన ఖాళీ అది.

ఇప్పటికి లెక్క: శాంపిళ్ళు 9. ఫిలమెంట్ 539 గ్రా. ప్రింట్ సమయం 36 గంటలు.

దశ 4: దారాల ఆశ (రోజు 18 నుంచి 20)

దీన్ని చిన్నగా ముగిస్తాను. పెట్‌జీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే నాజిల్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు సాలెగూడులాంటి దారాలు లాగుతుంది. అందరూ దాన్ని తిట్టుకుంటారు. సందుల్లో సన్నటి దారాలుంటే రాపిడి పెరగాలి కదా, దూదీ గ్లాస్ ఊలూ చేసేది అదే కదా అని, రిట్రాక్షన్ (నాజిల్ కదిలేటప్పుడు ఫిలమెంట్‌ను వెనక్కి లాగడం) ఆపేసి 50% గైరాయిడ్ మూడు ప్రతులు తీశాను.

0.84, 0.69, 0.77.

మొదటిది చూసి సంబరపడిన మాట నిజం. పీఎల్ఏలో ఇదే బిళ్ళ 0.72. కానీ ఒకే ఫైలుకు, ఒకే సెట్టింగ్‌కు ఇంత తేడా వస్తే దాన్ని పద్ధతి అనలేను. ఫిలమెంట్‌కు పట్టిన తేమను బట్టి దారాలు మారుతున్నాయని నా అనుమానం, ఎందుకంటే మూడో ప్రతికి ముందు రీలును ఆరబెట్టాను. దారాల దారి ఇక్కడితో వదిలేశాను.

ఇప్పటికి లెక్క: శాంపిళ్ళు 12. ఫిలమెంట్ 650 గ్రా. ప్రింట్ సమయం 43.5 గంటలు.

దశ 5: దారిని పొడవు చేయడం (రోజు 21 నుంచి 28)

గైరాయిడ్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. శిఖరం ఎక్కడ రావాలో నేను చెప్పలేకపోతున్నా. ఇన్‌ఫిల్ శాతం మార్చితే సందు వెడల్పూ, ఖాళీ శాతమూ రెండూ ఒకేసారి మారతాయి. ఒకటి కదిపితే రెండోది కదలకుండా ఉండాలి.

అందుకే సందులను క్యాడ్‌లో నేనే గీశాను. 0.4 మి.మీ. గోడ, 0.4 మి.మీ. సందు, మళ్ళీ గోడ, దువ్వెనలా. వెనక గట్టి గోడ ఉన్న 30 మి.మీ. తిన్నటి సందులో శిఖరం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దగ్గర వస్తుంది. ఉత్త గాలి లెక్క ప్రకారం 343 ÷ 0.12, అంటే 2,860 హెర్ట్జ్. సందులో రాపిడి వల్ల అది కాస్త కిందికి దిగుతుంది. కొలిస్తే 2,600 దగ్గర 0.77. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి లోహపు రేకులు) దూర్చి చూస్తే సందులు 0.40 కాదు, 0.31 నుంచి 0.36 మధ్య ఉన్నాయి. ఫైలులో గీసింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఇక నుంచి లెక్కల్లో 0.33 వేసుకుంటున్నా.

ఇప్పుడు సందును 45 డిగ్రీలు వాల్చితే గాలి నడిచే దారి 1.41 రెట్లవుతుంది, శిఖరం అదే నిష్పత్తిలో కిందికి రావాలి. మందం పెరగదు, ప్లాస్టిక్ పెరగదు. 45 డిగ్రీలకు సపోర్టులు కూడా అక్కర్లేదు. కాగితం మీద అంతా బాగుంది.

వాల్చిన బిళ్ళ ఫలితం 0.38, అదీ చదునుగా, శిఖరమని చెప్పడానికే లేదు. బిళ్ళను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాక నవ్వొచ్చింది. 45 డిగ్రీల సందు 30 మి.మీ. లోతుకు దిగేసరికి 30 మి.మీ. పక్కకు కూడా పోతుంది. బిళ్ళ వ్యాసమే 50. సందుల్లో సగానికి పైగా వెనక ముఖాన్ని చేరకుండా పక్క గోడకు కొట్టుకుని ఆగిపోయాయి. ఒక్కో సందు ఒక్కో పొడవు, ఒక్కోటి ఒక్కో పాట.

మార్పు: సందును పాములా మడిచాను. 5 మి.మీ. ఎత్తు కుడికి వాలు, తర్వాతి 5 మి.మీ. ఎడమకు, అలా ఆరు మడతలు. పక్కకు జరగడం ఎక్కడా 5 మి.మీ. దాటదు.

మొదటి ప్రతిలో మడత తిరిగే మూలల దగ్గర ప్లాస్టిక్ వాలిపోయి సందులు అతుక్కున్నాయి. బిళ్ళను మధ్యకు కోసి చూశాను. ఆరు మడతల్లో అయిదు మలుపులుంటాయి, అయిదింటా గోడ గీత ఒకవైపు వేలాడి పక్క గోడను ముద్దు పెట్టుకుంది. మూడు మార్చాను:

1. నాజిల్ వేడి 210 నుంచి 195 డిగ్రీలకు.
2. ప్రింట్ వేగం సెకనుకు 60 నుంచి 30 మి.మీ.కు, ఫ్యాన్ 100%.
3. మలుపు మొనదేలకుండా 1 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేశాను.

మూడూ ఒకేసారి మార్చడం తప్పే. ఏది పనిచేసిందో చెప్పలేను. మూడోదే అని నా పందెం. రెండో ప్రతిలో టార్చ్ వెలుగు కనపడదు (పాము దారిలో కనపడకూడదు కూడా), కానీ ఊదితే ముఖమంతా సమంగా గాలి వచ్చింది.

ఫలితం: 1,850 హెర్ట్జ్ దగ్గర 0.91. తిన్నటి సందు బిళ్ళ 44 గ్రా., ఇది 45. ఒక్క గ్రాము తేడాతో శిఖరం 750 హెర్ట్జ్ కిందికి దిగింది. 2,600 ÷ 1.41 అంటే 1,840. లెక్కకు ఇంత దగ్గరగా వచ్చిన కొలత ఈ డైరీలో ఇదొక్కటే. ఎత్తు పెరగడం కూడా సబబే. దారి పొడుగైతే రాపిడీ పెరుగుతుంది.

ఇప్పటికి లెక్క: శాంపిళ్ళు 16. ఫిలమెంట్ 830 గ్రా. ప్రింట్ సమయం 61.5 గంటలు.

దశ 6: సగం తిన్నగా, సగం పాములా (రోజు 29 నుంచి 33)

రెండు బిళ్ళలూ బాగానే మింగుతున్నాయి కానీ ఒక్కోటి ఒక్క చోటే. శిఖరానికి అటూ ఇటూ 500 హెర్ట్జ్ జరిగితే సగానికి పడిపోతున్నాయి. పోలిక కోసం 30 మి.మీ. మెలమైన్ ఫోమ్ ముక్క కోసి పెట్టాను. 1,000 దగ్గర 0.46, 2,000 దగ్గర 0.83, ఆ పైన నెమ్మదిగా ఎక్కుతూ పోయింది. బరువు అర గ్రాము పైచిలుకు. నా బిళ్ళ 45 గ్రాములు! వెడల్పాటి శోషణ మాత్రమే కావాలంటే ప్రింటర్ జోలికి పోకుండా ఫోమ్ కొనుక్కోండి. శిఖరాన్ని కోరిన చోట నిలబెట్టాలంటేనే ఈ శ్రమకు అర్థముంది.

సరే, రెండు శిఖరాలూ ఒకే బిళ్ళలో ఉంటే? బిళ్ళను మధ్యలో 0.8 మి.మీ. అడ్డుగోడతో రెండు సగాలు చేసి, ఒక సగంలో తిన్నటి సందులు, ఇంకో సగంలో పాము సందులు పెట్టాను. భయం ఒకటే. రెండు శిఖరాల మధ్య ఒక సగం గాలిని తోస్తుంటే రెండోది లాగుతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మధ్యలో లోతైన గుంట వస్తుందేమో అని.

మూడు ప్రతులు తీశాను.

ప్రతి 1: 1,700 నుంచి 2,800 హెర్ట్జ్ వరకు ఎక్కడా 0.8కి తగ్గలేదు. మధ్యలో గుంట ఉంది, 2,150 దగ్గర 0.81.
ప్రతి 2: దాదాపు అదే. గుంట 0.83.
ప్రతి 3: పాము వైపు శిఖరం కనపడలేదు, తిన్నటి వైపుది మాత్రమే ఉంది. కోసి చూస్తే ఒక మలుపు దగ్గర లేయర్ పక్కకు జరిగి సందులన్నీ అక్కడే మూసుకున్నాయి. బెల్టు వదులైంది.

గుంట లోతు తక్కువగా ఉండటానికి కారణం సందులు సన్నగా ఉండటమే. రాపిడి ఎక్కువున్నప్పుడు రెండు సగాలూ గట్టిగా దెబ్బలాడుకోలేవు. 0.6 మి.మీ. సందులతో ఇదే చేస్తే గుంట లోతుగా వస్తుందని లెక్క చెబుతోంది, ప్రింట్ చేసి చూడలేదు.

ఒక జాగ్రత్త. రెండు సగాలు వేరువేరుగా ఉన్న బిళ్ళ ముందు తరంగం కాసేపు వంకరగా ఉంటుంది, కొంత దూరం పోయాకే సర్దుకుంటుంది. అందుకే శాంపిల్‌కూ మొదటి మైకుకూ మధ్య గొట్టం వ్యాసానికి రెండింతలు, అంటే నా 100 మి.మీ., ఉండాలి. బిళ్ళను గొట్టంలో 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ కొలిచాను. తేడా 0.02 లోపే, కాబట్టి దూరం సరిపోయినట్టే.

చివరి బిళ్ళ సెట్టింగులు, కాపీ చేసుకునేవారికి:

1. వ్యాసం 49.8, ఎత్తు 30 మి.మీ. గోడ 0.4, సందు ఫైలులో 0.4 (చేతికి 0.33 వస్తుంది).
2. పాము సగంలో 45 డిగ్రీల వాలు, 5 మి.మీ. మడతలు ఆరు, మలుపు వ్యాసార్ధం 1 మి.మీ.
3. పీఎల్ఏ, 195 డిగ్రీలు, మంచం 50, ఫ్లో 94%, సెకనుకు 30 మి.మీ., లేయర్ 0.2, జెడ్ ఆఫ్‌సెట్ 0.08 పైకి, బ్రిమ్ 5 మి.మీ.
4. తూకం 44 నుంచి 46 గ్రా. మధ్య ఉండాలి. 47 దాటితే కొలవకండి, ఫ్లో తగ్గించి మళ్ళీ తీయండి.
5. ప్రింట్‌కు ముందు రెండు బెల్టులూ వేలితో మీటి చూడండి.

మొత్తం లెక్క: శాంపిళ్ళు 19. ఫిలమెంట్ 965 గ్రా., అందులో పీఎల్ఏ 854, పెట్‌జీ 111. ప్రింట్ సమయం 75 గంటలు. బెల్టు బిగించాను, మూడో ప్రతి మళ్ళీ ప్రింటర్ మీద ఉంది, ఇంకో రెండు గంటలు పడుతుంది.